రైలుకు నీళ్లు పోసిన పిల్ల

మా తమ్ముడు జయపాలు కుప్పం నుంచి ఫోను చేసి, "అక్కా, నాయన రైలును అటక మింద నుంచి దించినా. ఈ క్రిస్మస్‌కి చర్చిలో పెడతామని పాస్టరయ్యకు మాటిచ్చేసినా. వైర్లు బాగుసేసే మనిషిని మాట్లాడినా. కొండలూ సెట్లూ నువ్వే వచ్చి సెయ్యాల. నీళ్లు మాత్రం పొయ్యొద్దుకా!" అని పకపకా నవ్వాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఫోను పెట్టేసి, పాలు పొంగి పొయ్యి మీద పడుతున్నా చూస్తూ నిలబడ్డాను. అరవై ఐదు దాటిన మనిషిని. ముప్పై ఏళ్లు బడిలో తెలుగు చెప్పి రిటైరైన టీచరును. ఆ ఇంటివాళ్లకు మాత్రం నేనింకా రైలుకు నీళ్లు పోసిన పిల్లనే.

ఆ నవ్వుకు యాభై ఏళ్లు దాటాయి. నా పెళ్లిలో మగపెళ్లివాళ్లకు నా గురించి మొదట చెప్పిన సంగతి అదే. నా కూతురి బాప్తిస్మం విందులో చెప్పారు, నా రిటైర్మెంటు సభలో మైకు పట్టుకుని మరీ చెప్పారు. మా అమ్మను మట్టి చేసి వచ్చి కాఫీలు తాగుతున్నప్పుడు కూడా ఎవరో ఆ మాటెత్తితే అందరూ గుండె తేలికపడ్డట్టు నవ్వారు. నేనూ నవ్వేదాన్ని. నవ్వకపోతే ఉక్రోషం అంటారు. ఇంటిల్లిపాదీ కలిసి ఒక పిల్ల మీద కథ అల్లుకుంటే, ఆ పిల్ల కూడా మధ్యలో కూచుని నవ్వాలి. మా ఇళ్లలో దాన్ని మంచితనం అంటారు.

మా నాయన పేరు దేవదానం. మదనపల్లెలో మేముండే మిషన్ ఆసుపత్రి కాంపౌండులో కరెంటు దేవదానం అంటేనే తెలిసేది. ఆపరేషన్ గది లైట్ల నుంచి జనరేటరు దాకా అంతా ఆయన చేతిమీదే నడిచేది. పుట్టింది గుడుపల్లెలో. మా తాత అక్కడ రైలు పట్టాల మీద గ్యాంగుమ్యాను. రైలు కూతతో నిద్రలేచి పెరిగిన మనిషి ఉద్యోగం కోసం వచ్చి మదనపల్లెలో పడ్డాడు. మదనపల్లె రోడ్ అని స్టేషనుకు పేరుందిగానీ అది ఊరికి మైళ్ల దూరం. మా అమ్మది పుంగనూరు, అక్కడైతే అసలు పట్టాలే లేవు. "మీ ఊర్లో రైలు కూత ఇనాలంటే నేనే కుయ్యాల" అని అమ్మను ఏడిపించేవాడు. ఆసుపత్రిలో పనిచేసి తమ దేశం తిరిగిపోతున్న ఒక డాక్టరమ్మ, తన కొడుకు ఆడుకున్న కరెంటు రైలును నాయనకిచ్చి పోయింది. ఒక ఇంజను, నాలుగు పెట్టెలు, సంచినిండా పట్టాలు, కరెంటును తగ్గించి ఇచ్చే ఒక నల్ల డబ్బా. ఆ డబ్బా ఆన్ చేస్తే కందిరీగ గదిలో దూరినట్టు సన్నగా మోగేది.

నాయన దాన్ని ఆటవస్తువుగా ఒక్కరోజూ చూడలేదు. ఆసుపత్రికి మిషన్లు వచ్చిన చెక్కపెట్టెల పలకలు జోడించి మంచమంత బోర్డు చేశాడు. బోర్డుకు ఒక మూల కుప్పం, దాని పక్కనే గుడుపల్లె. అక్కడి నుంచి పట్టాలు పలమనేరు కొండను తొలుచుకుని పోయి పుంగనూరులో తేలతాయి, ఆ పైన ఇంకో మూలలో మదనపల్లె. అట్లాంటి లైను భూమ్మీద లేదు. ఈ రోజుకీ లేదు. పుంగనూరుకు రైలొస్తుందని ఓట్లప్పుడల్లా వినడమే తప్ప ఒక కంకరరాయి పడింది లేదు. మా ముందుగదిలో మాత్రం వారానికోసారి, శనివారం మధ్యాహ్నం నాయన డ్యూటీ దిగి సంగటి తిని చెయ్యి కడుక్కున్నాక, కుప్పం నుంచి మదనపల్లెకు రైలు వచ్చేది.

బోర్డు కింది పని నాయనది, పైపని నాది. పైపనిని ఆయన సీనరీ అనేవాడు, ఫోటో స్టూడియోలో వెనకాల వేలాడదీసే గుడ్డను అన్నట్టు, కొంచెం చులకనగా. నాకది చులకన పని కాదు. కాళ్లు విరిగినవాళ్లకు వేసే సిమెంటు కట్టు గుడ్డల్లో పాతబడి పారేసేవి నాయన తెచ్చేవాడు. వాటిని నీళ్లలో ముంచి, నలిపిన కాగితాల గుట్టల మీద పరిస్తే అరగంటలో కొండ గట్టిపడేది. ఇల్లంతా తడి సున్నం వాసన. దాని మీద జల్లెడ పట్టిన ఎర్రమన్ను, వాడేసి ఎండబెట్టిన టీపొడి చల్లేదాన్ని. నేతిబీర పీచును ఆకుపచ్చ రంగులో ముంచి తుంచితే చింతచెట్లు. పాత ఎక్స్‌రే ఫిలిములు నానబెట్టి రుద్దితే నలుపంతా పోయి అద్దాల్లా అయ్యేవి, కుప్పం స్టేషను కిటికీలకు అవే పెట్టాను. ఒక కిటికీలో ఎవరిదో పక్కటెముక సరిగా పోక మిగిలిపోయింది. మట్టితో ఆవును చేస్తే అది పక్కనున్న మనిషి నడుముకు కూడా రాలేదని జయపాలు ఎగతాళి చేశాడు. "పుంగనూరావు పొట్టిగానే ఉంటాదిలే, మా ఊరావునేమీ అనొద్దు" అని అమ్మ నా పక్షాన మాట్లాడింది.

రైలన్నాక రోజుకో జబ్బు. పలమనేరు మలుపులో చివరి పెట్టె పడిపోతుంటే నాయన పట్టా కింద అట్టముక్క దోపి ఎత్తు చేసేవాడు. ఇంజను మూలుగుతూ ఆగిపోతే చక్రాల ఇరుసుకు పొడుగాటి వెంట్రుకలు చుట్టుకుని ఉండేవి, నావో అమ్మవో. సూదితో ఒక్కొక్కటే లాగేవాడు. పట్టాలకు మురికి పడితే ఆసుపత్రి స్పిరిట్టుతో తుడిచేవాడు. బోర్డు కిందికి దూరాల్సి వస్తే చాప పరుచుకుని వెల్లకిలా పడుకునేవాడు, పక్కన టార్చి పట్టుకుని నేను. జబ్బేమిటో కనిపెట్టగానే చెవి మీది పెన్సిలు తీసి బోర్డు అడుగున రాసేవాడు, 'గుడుపల్లె దగ్గర తీగ ఊడింది' అని. బాగుచేశాక దాని పక్కన టిక్కు పెట్టేవాడు. టిక్కు లేని లైను ఒక్కటి మిగిలినా ఆయనకు అన్నం సయించేది కాదు. జనరేటరు గది గోడ నిండా కూడా ఇట్లాంటి రాతలూ టిక్కులే. నోటితో చెప్పే మనిషి కాదు, రాసుకునే మనిషి. పదకొండేళ్లకే నా చేతికి సాల్డరింగు కడ్డీ ఇచ్చాడు. సొరంగంలోకి తన చెయ్యి దూరదు, నాది దూరుతుంది. చూడవచ్చినవాళ్లతో "నా బిడ్డ చేతివేళ్లకు కండ్లుండాయి" అనేవాడు. ఆ మాట నేను మరిచిపోలేదు, అందుకే తర్వాతి మాటలు అంతగా కోశాయి.

పట్టాల అతుకుల దగ్గర కరెంటు పారక రైలు కుంటుతుండటంతో, ప్రతి అతుకు మీదా చిన్న తీగముక్క వేసి సీసంతో అంటించాలనుకున్నాడు నాయన. ఆయన దగ్గరున్న పేస్టుతో సీసం పట్టాలకు పట్టలేదు, పూసల్లా జారిపోయింది. రెండు వారాలు తల పట్టుకున్నాడు. అప్పుడు కాంపౌండులోకి కళాయి పెట్టేవాడు వచ్చాడు. ఆసుపత్రి వంటింటి ఇత్తడి గుండిగలు కాల్చి, వాటిలో నవాసాగరం పొడి చల్లి తగరం రుద్దితే, గుండిగ లోపల తళతళా తెల్లబడింది. నాయన అక్కడే గొంతుక్కూచుని గంటసేపు చూసి, చేతిలో పొట్లంతో ఇంటికొచ్చాడు. నవాసాగరం వేస్తే సీసం నీళ్లలాగా పాకి పట్టాలను పట్టుకుంది. తెల్లటి పొగ లేచి ముక్కులు మండాయి. ఒక్కరోజులో అన్ని అతుకులూ పెట్టేశాడు, గర్వంగా. అమ్మ వంటింటి గడపలో నిలబడి చూస్తూ ఒక మాట అంది. "కళాయి పెట్టినాక గిన్నెను చింతపండేసి కడగతారు గదయ్యా, నువ్వు కడగవా దాన్ని?" నాయన నవ్వాడు. "కరెంటు తీగలకు నీళ్లు పోస్తారంటనా యాడైనా? నువ్వు పోయి సంగటి కెలుక్కో పో." నేనూ ఆయనతో కలిసి నవ్వాను. అమ్మను చూసి నవ్విన ఆ నవ్వు కూడా నా లెక్కలో ఉంది, దాచుకోవడం లేదు.

డిసెంబరు వచ్చిందంటే మా కాంపౌండులో ప్రతి ఇంట్లోనూ పళ్లేలలో తడి మట్టి వేసి రాగులు చల్లేవాళ్లు. పండగనాటికి వేలెడు ఎత్తున పచ్చగా లేచిన ఆ మొలకలను పశువుల పాక చుట్టూ పెట్టి, మధ్యలో బాలయేసు బొమ్మను పడుకోబెట్టేవాళ్లం. మా ఇంట్లో పాక ఎప్పుడూ పుంగనూరు స్టేషను పక్కనే. పళ్లెం అంచులు కనపడుతుంటే నాకు కంటగింపుగా ఉండేది. ప్రపంచంలో ఎక్కడైనా చేనుకు పళ్లెం అంచు ఉంటుందా? నాకు పదమూడేళ్లప్పుడు, పళ్లెం లేకుండా బోర్డు మీదే గోనెపట్టా పరిచి, దాని మీద ఎర్రమన్ను వేసి రాగులు చల్లేశాను. రోజూ పొద్దున ప్రార్థన అయ్యాక చెంబులో చెయ్యి ముంచి చిలకరించేదాన్ని. నాయన చూసి కూడా ఏమీ అనలేదు. పదిరోజులకు పుంగనూరు చుట్టూ నిజమైన చేను లేచింది. వంగి చూస్తే మట్టి వాసన, మొలకల పచ్చి వాసన. నేను చేసినవాటన్నిటిలో నాకు నచ్చిన పని అది. ఇప్పటికీ, ఇన్ని పుస్తకాలు రాశాక కూడా, అదే.

పండగ మధ్యాహ్నం. ఆరాధన నుంచి వచ్చినవాళ్లతో ముందుగది నిండిపోయింది. నర్సమ్మలు, కాంపౌండు పిల్లలు, పుంగనూరు నుంచి వచ్చిన మా మేనమామలు. వంటింట్లోంచి గులాబీ పువ్వుల పిండివంట కాల్చిన నూనె వాసన. నాయన ఇస్త్రీ చొక్కాతో నల్లడబ్బా దగ్గర నిలబడి మీట తిప్పాడు. రైలు కుప్పంలో కదిలింది, గుడుపల్లె దాటింది, పలమనేరు సొరంగంలోకి పోయింది. మళ్లీ బయటికి రాలేదు. "పలమనేరులో టిఫిను తింటాండాదేమో" అని మా మేనమామ అన్నాడు, అందరూ గొల్లుమన్నారు. నాయన మొహం నల్లబడింది. నేను చేసిన కొండను ఒక్క పెరుకుతో లేపేశాడు. లోపల అతుకు దగ్గర తీగ పచ్చటి చిలుము పట్టి, తెగి, విడిపోయి ఉంది. దాన్ని చూస్తూ బోర్డు మీద ఆనించిన ఆయన చెయ్యి నా చేను మీద పడింది. తడి తగిలింది. అంతే, ఇటు తిరిగి నా చెంప మీద ఒక్కటి కొట్టాడు. "కరెంటు బోర్డుకు నీళ్లు పోస్తావా? బుద్ధుండాదా నీకు?" సొరంగానికీ నా చేనుకూ మధ్య రెండు మూరల పొడి పలక ఉంది. ఆ మాట చెప్పడానికి నేను నోరు తెరిచేలోగానే రెండో మాట అన్నాడు, అరవకుండా, తీర్పు చెప్పినట్టు. "ఈ చేతికి యంత్రం అచ్చిరాదు."

ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వే పెరిగి పెద్దదై నా వెంట తిరిగింది. అమ్మ రాగిమొలకలను పట్టాతో సహా చుట్టి పక్కింటి మేకకు వేసింది. బోర్డు అటకెక్కింది. ఆ వేసవిలో ఒక్కసారి నాయన దాన్ని కిందికి దించి, గది తలుపు మూసుకుని రెండు రోజులు ఏదో విప్పుకున్నాడు. టార్చి పట్టుకోవడానికి నన్ను పిలవలేదు, నేను పోలేదు. మూడో రోజు మళ్లీ అటకెక్కించాడు. అదే వారంలో ఒక సాయంత్రం బజారు నుంచి నాకొక ఇంకుపెన్ను తెచ్చాడు. "యాల నాయనా?" అంటే "ఊరికే" అన్నాడు.

పదో తరగతి మంచి మార్కులతో పాసయ్యాను. లెక్కల టీచరమ్మ ఇంటికొచ్చి, ఈ పిల్లను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్‌కు పంపండి, చాలా పైకొస్తుంది అని చెప్పింది. నాయన పేపరు మడత పెట్టి, "రైలు సంగతి మీకు తెలీదు టీచరమ్మా. దాని చేతికి యంత్రం అచ్చిరాదు" అన్నాడు. టీచరమ్మ కూడా ఆ కథ విని నవ్వి వెళ్లిపోయింది. నన్ను పంతులమ్మ ట్రైనింగుకు పంపారు. నాలుగేళ్ల తర్వాత జయపాలును ఎలక్ట్రికల్‌కు పంపారు, వాడు మొర్రో అంటున్నా. వాడు ముప్పై ఏళ్లు కరెంటాఫీసులో ఫైళ్లు రాసి రిటైరయ్యాడు. ఇప్పటికీ ఫ్యూజు వెయ్యాలంటే పక్కింటాయన్ను పిలుస్తాడు. నా సంగతి ఇంకా ఘోరం. నాకు వెయ్యడం వచ్చు, అయినా వెయ్యను. నిమ్మనపల్లెలో నేను పనిచేసిన బడిలో గంట కొట్టే కరెంటు బెల్లు చెడిపోతే, దానిలో ఏ తీగ ఊడిందో కళ్లముందు కనపడుతున్నా చేతులు కట్టుకుని నిలబడ్డాను. నమ్మాను కదా. నాయన చెప్పిన మాట, నమ్మకుండా ఎట్లా ఉంటాం?

అంత కోపం పెట్టుకుని కుప్పం ఎందుకు పోయావంటే, కొండల కోసం పోయాను. మదనపల్లెలో బస్సెక్కి పుంగనూరు, పలమనేరు, వి.కోట మీదుగా పోతుంటే, కిటికీలోంచి చూసిన ప్రతి గుట్టకూ నా చేతులు వాటంతటవే కొలత తీసుకున్నాయి. సిగ్గులేని చేతులు. జయపాలు ఇంటి హాల్లో రెండు బెంచీల మీద బోర్డు పెట్టి ఉంది. కొండలు చివికి కాగితాలు బయటపడ్డాయి, చింతచెట్లను ఎలుకలు కొట్టేశాయి. పక్కటెముక కిటికీ మాత్రం అట్లాగే ఉంది. దాన్ని చూసి కళ్లనీళ్లు తిరిగాయి, అదీ కోపంతోనే.

వైర్లు చూడ్డానికి వచ్చిన మనిషి ఆడమనిషి. పేరు ముంతాజ్. కుప్పం బస్టాండు దగ్గర సెల్‌ఫోన్లు బాగుచేసే అంగడి ఆమెది. ముప్పై ఐదేళ్లుంటాయి. కళ్లద్దాలకు ఇంకో భూతద్దం తగిలించుకుని పట్టాల అతుకులను ఒక్కొక్కటే గీకి చూసింది. కుప్పం దగ్గర చూసింది, మదనపల్లె దగ్గర చూసింది. అన్నీ ఒకటే పచ్చ.

"ఎవురు మేడం అతికింది? యాసిడ్ మాదిరి ఏదో ఏసి అతికినారు."

"నవాసాగరం" అన్నాను.

"అదే గదా! అది తినేస్తాది మేడం తీగను. ఏసినా ఏసినారు, అప్పుడే నీళ్లతో శుభ్రంగా కడిగేసుంటే ఇంత రాదు. కడగలేదు, అంతే."

ఇంకోసారి చెప్పమన్నాను. ఆమె నన్ను వింతగా చూసి ఇంకోసారి చెప్పింది. నీళ్లతో కడగలేదు, అంతే. వంటింటి గడపలో నిలబడి అమ్మ అన్న మాట. నీళ్లు పోసి రైలును చెడగొట్టానని యాభై ఏళ్లు నన్ను చూసి నవ్వారు. ఆ రైలు నీళ్లు పొయ్యకనే చెడిపోయింది. కొండలు వేసినప్పుడు కట్టుగుడ్డల్లోంచి బకెట్ల కొద్దీ కారిన నీళ్లు ఎవరికీ కనపడలేదు, నా చేతిలో చిలకరించిన నీళ్లు కనపడ్డాయి!

"నీకీ పని ఎవరు నేర్పారమ్మా?" అని అడిగాను.

"మా అబ్బా మేడం. రేడియోలు బాగుసేసేటోడు. తొమ్మిదేండ్లకే కడ్డీ ఇచ్చినాడు."

"ఏదైనా చెడగొడితే ఏమనేవాడు?"

ఆమె ఆలోచించింది. "ఇంకోటి ఇచ్చేటోడు, సెయ్యమని."

నాకు ఆ అమ్మాయి మీద అసూయ కలిగింది. ఉన్నమాట చెబుతున్నాను. అంత చిన్నమాట. దానికి మా ఇంట్లో కరువొచ్చింది.

అడుగున తీగలు చూడాలని ముగ్గురం పట్టుకుని బోర్డును తిరగేశాం. పలక నిండా నాయన పెన్సిలు రాత. నాకు తెలిసినవి చాలా ఉన్నాయి. మలుపులో పెట్టె పడుతోంది, టిక్కు. గుడుపల్లె దగ్గర తీగ ఊడింది, టిక్కు. ఇంజనుకు వెంట్రుకలు, టిక్కు. అన్నిటికంటే కింద, సొరంగం ఉన్న చోటికి సరిగ్గా అడుగున, నేనెప్పుడూ చూడని నాలుగు లైన్లు ఉన్నాయి.

'అతుకులన్నీ గీకి చూసినాను. పొడిచోట కూడా పచ్చ.' పక్కన టిక్కు.

'నవాసాగరం వల్లనే. నీళ్ల వల్ల కాదు. తప్పు నాది.' టిక్కు.

'ఇకమీదట నవాసాగరం వాడరాదు.' టిక్కు.

'పాపకు చెప్పాలి.'

దాని పక్కన టిక్కు లేదు.

ఆ వేసవి తర్వాత నాయన ఉండగా బోర్డు మళ్లీ అటక దిగలేదు. అంటే ఆ మూసిన తలుపు వెనక రాసిన మాటలే ఇవి. అంటే, తప్పు నాది అని రాసుకున్న రెండేళ్లకు, అదే మనిషి పేపరు మడత పెట్టి, దాని చేతికి యంత్రం అచ్చిరాదు అని టీచరమ్మకు చెప్పాడు. తెలిసి చెప్పాడు. పెళ్లిలో మగపెళ్లివాళ్లు నవ్వుతుంటే పక్కనే కూచుని తనూ నవ్వాడు. తెలిసి నవ్వాడు. చచ్చిపోయే ముందు నెలరోజులు నా ఇంట్లోనే ఉన్నాడు, నా చేతి గంజి తాగాడు. ఎన్ని పొద్దుటిపూటలు, ఎన్ని ప్రార్థనలు! రెండు గజాల దూరంలో కూచున్న కూతురికి ఒక మాట చెప్పలేకపోయాడుగానీ, చెక్కపలకకు చెప్పుకున్నాడు. నాకొక పెన్ను కొనిచ్చి చేతులు దులుపుకున్నాడు. ఆ పెన్ను వల్లనే నువ్వు రచయిత్రివయ్యావు అని ఎవరైనా అంటే ఊరుకోను. నాకు కావలసింది పెన్ను కాదు.

"నువ్వెప్పుడైనా చూశావా ఇది?" అని జయపాలును అడిగాను.

వాడు తల గోక్కున్నాడు. "సూసినా. నాయన పోయినాక బోర్డు ఈడికి తెచ్చినప్పుడు. పాత సంగతి గదా, ఇంకేం సెప్పేదిలే అనుకున్నా."

"చూసి, నా రిటైర్మెంటు సభలో మైకులో ఎట్లా చెప్పావురా?"

"అందరికీ అలవాటైపోయిండాది గదా కా. ఊరికే నవ్వుకోనీకి…"

"ఎవరు నవ్వుకోడానికి?"

వాడు చెడ్డవాడు కాదు. నా మోకాళ్ల ఆపరేషనుకు వారం రోజులు ఆసుపత్రి బెంచీ మీద పడుకున్నాడు. కానీ ఆ కథ లేకపోతే, ఎలక్ట్రికల్ చదువు అక్కను దాటి తన దగ్గరికి ఎందుకొచ్చిందో వాడు ఆలోచించాల్సి వస్తుంది. నవ్వు సులువు. ముంతాజ్ మా ఇద్దరినీ చూసి, టీ తాగొస్తానని మెల్లగా వీధిలోకి పోయింది.

ఆమె తిరిగొచ్చాక రెండో కడ్డీ అడిగి తీసుకున్నాను. మొదటి రెండు అతుకులూ వంకరగా వచ్చాయి. మూడో అతుకుకు చెయ్యి కుదిరింది. రెండు రోజులు ఇద్దరం కూచుని పాత అతుకులన్నీ తీసేసి, పట్టాలు కడిగి, తుడిచి, ఆరబెట్టి, కొత్త తీగలు వేశాం. సొరంగం అతుకు నేనే పెట్టాను. "మీకీ పని బాగా వొచ్చు మేడం, యాల వొదిలేసినారు?" అంది ముంతాజ్. జయపాలు లేచి వంటింట్లోకి పోయాడు.

పని పూర్తయ్యాక నాయన అలవాటు ప్రకారం అడుగున రాశాను. 'అతుకులన్నీ మార్చినాము. ముంతాజ్, రూతు.' టిక్కు పెట్టాను. జయపాలు వెనకనుంచి, ఈసారి నవ్వకుండా, బతిమాలుతున్నట్టు అన్నాడు. "అక్కా, ఆ పైదానికి కూడా టిక్కు పెట్టేయరాదా. నీకిప్పుడు తెలిసింది గదా. నాయన ఆత్మకైనా నిమ్మళంగా ఉంటాది."

"నేను తెలుసుకున్నాను. నాకెవరూ చెప్పలేదు. రెండూ ఒకటి కాదు."

"అదిగాదుకా…"

"టిక్కు పని చేసినవాళ్లు పెడతారు. ఆయన చెయ్యలేదు. అట్లాగే ఉండనీ."

పెన్సిలు వాడి చేతికిచ్చి, ముగ్గురం కలిసి బోర్డును మళ్లీ మామూలుగా తిప్పి పెట్టాం. పండగకు ఇంకా పన్నెండు రోజులున్నాయి. పుంగనూరు స్టేషను చుట్టూ గోనెపట్టా పరిచాను. ఎర్రమన్ను వేశాను. రాత్రి నానబెట్టిన రాగులు పలచగా చల్లాను. పళ్లెం పెట్టలేదు. జయపాలు గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. వంటింట్లోకి పోయి చెంబు నిండా నీళ్లు తెచ్చి, వాడి కళ్లలోకి చూస్తూ, మెల్లగా, అంతా పోశాను.